రొయ్యపిల్లకు చేసే మర్యాద

ఎనిమిది నెలల పాటు మా ఊరు కోట చుట్టుపక్కల కూర్చోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. వెనక నుంచి పెద్ద హారన్ మోగితే చాలు, మోకాళ్ళు నన్నొక మాట అడక్కుండానే మడుచుకునేవి. బజారని లేదు, బురదని లేదు. ఒకసారి చేపల అంగడి ముందు కూలబడ్డాను. బేరానికి కూర్చున్నాననుకుని అంగడామె కిలో కానాగంతలు తూచేసింది. నాకు లేచే ఓపిక వచ్చేసరికి పొలుసు తీసి, ముక్కలు కూడా కోసేసింది. ఆ రోజు ఇంట్లో పప్పు వండుకున్నాం, అయినా చేపలు తెచ్చుకోక తప్పలేదు.

ఇంకోసారి ఆదివారం ఆరాధనలో. పాస్టరు గారు దీర్ఘప్రార్థనలో ఉన్నారు, అందరం కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాం. బయట బస్సు హారన్ కొట్టింది, నేను చాప మీద చతికిలబడ్డాను. నా చీర గరగర విని వెనక వరుస ఆడవాళ్ళు ఆమెన్ అయిపోయిందేమోనని కూర్చున్నారు. వాళ్ళను విని వాళ్ళ వెనకవాళ్ళు కూర్చున్నారు. పాస్టరు గారు కళ్ళు తెరిచేసరికి సగం సంఘం నేల మీద ఉంది. ఆయన నాలుగు దేశాలను, ముగ్గురు రోగులను వదిలేసి ఆమెన్ అనేశారు. ఆ ప్రార్థన అంత పొట్టిగా ముగియడం అదే మొదలు. తరువాత ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు వచ్చి గొంతు తగ్గించి నాకు వందనాలు చెప్పిపోయారు.

దీనికంతటికీ కారణం అక్టోబరులో ఒక సాయంత్రం. గూడూరులో నేను పనిచేసే బడి నుంచి మా అన్న నన్ను మోటారు సైకిలు మీద ఇంటికి తెస్తున్నాడు. చిల్లకూరు దగ్గర హైవే దాటాలి. డివైడరు తెగి ఉన్న చోట మలుపు తిరుగుతుండగా ఒక లారీ హారన్ మోగిస్తూ మా వెనక చక్రాన్ని రాసుకుంటూ పోయింది. ఇద్దరం పడ్డాం. నా ఎడమ మణికట్టు విరిగింది. అన్నకు మోకాలి మీద రూపాయి బిళ్ళంత చర్మం లేచింది. నా మణికట్టు ఆరు వారాల్లో అతుక్కుంది గాని, హారన్ మాత్రం లోపలే ఉండిపోయింది. అన్న ఆ రోజు మాట మళ్ళీ ఎత్తలేదు. రొయ్యల గుంటల దగ్గర పని ఎక్కువైందని గూడూరు పోవడం కూడా మానేశాడు. నాకు నా భయమే కావలసినంత ఉంది, ఇంకొకరి తీరిక సంగతి నాకెందుకనుకున్నాను.

అసలు నేను పుట్టడమే ఇలా పుట్టాను. చిన్నప్పుడు కుక్కరు విజిల్‌కి పలక కింద పడేసేదాన్ని. కొత్త గౌనులో మెడ వెనక గుడ్డముక్క గీరుకుంటోందని ఒక క్రిస్మస్ అంతా ఏడ్చాను. పక్కింట్లో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే నాకు అన్నం దిగేది కాదు. వాళ్ళు మాత్రం శుభ్రంగా తిని పడుకునేవాళ్ళు. ఇంట్లో నాకు అత్తిపత్తి అని పేరు పెట్టారు, తాకితే ముడుచుకుంటుంది కదా, అందుకు. "దీనికి పైతోలు వెయ్యడం దేవుడు మరిచిపోయినాడు" అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ఇంకో విచిత్రం, నేను సైన్సు టీచర్ని. ఏటా పదో తరగతికి నాడీమండలం పాఠం చెబుతాను. ప్రతీకార చర్య బొమ్మ రంగు పెన్సిళ్ళతో గీయిస్తాను. వేడి గిన్నె తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది, మెదడు అనుమతి కోసం ఆగదు అని పదిహేనేళ్ళు బల్ల గుద్ది చెప్పాను. అదే పని నా మోకాళ్ళలో జరుగుతుంటే మాత్రం నాకు పిచ్చి పట్టిందని బెంగపెట్టుకున్నాను. ఎదుటివాళ్ళకు చెప్పేటందుకే పాఠాలు.

సెలవు మీద సెలవు పెట్టాను. ఏప్రిల్‌లో హెడ్‌మిస్ట్రెస్ గారు ఫోను చేశారు. మంచావిడ, అందుకే ఎక్కువ భయం వేసింది. "జూన్‌లో బడి తెరిచిన రోజు మీరు మొదటి గంటకు క్లాసులో ఉండాలి టీచర్ గారూ. లేకపోతే ఇంకొకరిని పెట్టుకోవడం తప్ప నాకు దారి లేదు" అన్నారు. నేను పెళ్ళి వద్దనుకున్న మనిషిని. చేతిలో సుద్దముక్కతో బోర్డు ముందు నిలబడ్డప్పుడే నాకు నేను పూర్తిగా ఉన్నట్టు ఉంటుంది. ఆ ఉద్యోగం పోతే అమ్మకు కూతురిగా, అన్నకు చెల్లెలిగా, కానాగంతలమ్మకు గిరాకీగా మిగిలిపోతాను. కోట నుంచి గూడూరు పోవాలంటే ఆ హైవే దాటాలి. ఇంకో దారి లేదు.

అప్పుడు నెల్లూరులో ఒక మానసిక వైద్యురాలితో ఫోనులో మాట్లాడడం మొదలుపెట్టాను. మేడమ్ అనేదాన్ని. ఆవిడ నన్ను మందలించలేదు, ధైర్యం చెప్పలేదు. "కొంతమంది పుట్టుకతోనే మిగతావాళ్ళ కంటే ఎక్కువ వింటారు, ఎక్కువ చూస్తారు. అది జబ్బు కాదమ్మా. అలాంటివాళ్ళకు పెద్ద దెబ్బ తగిలితే లోపలి కాపలావాడు డ్యూటీ దిగడం మరిచిపోతాడు. వాణ్ణి తిట్టకండి. ప్రమాదం దాటిపోయిందని ఒంటి ద్వారానే మెల్లగా చెప్పండి" అన్నారు. అన్ని నెలల్లో నా మోకాళ్ళ గురించి మర్యాదగా మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే.

ఆవిడ చెప్పిన సాధనలు మంచివే. ఆ సాధనలకు మా ఇల్లే సరిపోలేదు. నాలుగు అంకెలు లెక్కపెట్టి గాలి పీల్చాలి, ఎనిమిది లెక్కపెట్టి వదలాలి. నేను వసారాలో కూర్చుని వదులుతుంటే, నిట్టూర్పు నిట్టూర్పుకీ అమ్మ లోపల నుంచి "స్తోత్రం ప్రభువా" అనేది. నాలుగో రోజు వచ్చి పక్కన కూర్చుంది.

"ఏందిమే అట్టా నిట్టూరుస్తాండావు? మనసులో ఎవురన్నా ఉండారా?"

నాకు అప్పటికి నలభై రెండేళ్ళు. అమ్మ ముఖంలో ఆశ చూసి జాలేసింది.

తరువాతిది, నోరు మూసుకుని తుమ్మెదలా గొంతులో రొద చేయడం. మొదటి రోజే వదిన కందిరీగ దూరిందని చీపురు పట్టుకుని మూడు గదులూ వెతికింది. ఇక రెండు చేతులూ గుండె మీద అడ్డంగా వేసుకుని, భుజాలను ఒకటి తరువాత ఒకటి మెల్లగా తట్టుకోవడం. అది చూసి వదిన ఏమీ అడగలేదు, దోమల చక్రం వెలిగించి నా కాళ్ళ దగ్గర పెట్టి పోయింది. ఈ భాగ్యానికి నాకు నరాలు కుదుట పడాలి.

ఇదంతా నెలా పదిహేను రోజుల నుంచి చూస్తున్నట్టు ఒక రోజు అన్న భోజనం దగ్గర తీర్పు చెప్పాడు. నిజానికి అప్పటికి పది రోజులే అయింది. అన్నకు ఓపిక తక్కువ.

"గాలి పీలిస్తే భయం పోతాదా? ముల్లును ముల్లుతోనే తీయాల. రేపు చిల్లకూరు పోదాం. హైవే మీద నిలబడు. ఒక గంట హారన్లు ఇను. దెబ్బకు సరిపోతాది."

మేడమ్‌ని అడగకుండా ఒప్పుకోవడం నా తప్పే. ఊళ్ళో ఆటో మాట్లాడాడు. హైవేకు యాభై గజాల ముందు ఆటో దిగాం. అక్కడ టీ కొట్టు ఉంది. అన్న ఆ కొట్టు పందిరి కిందే ఆగిపోయాడు. "నువ్వు పో, నాకు ఫోను వస్తాండాది" అన్నాడు. నేను ఒక్కదాన్నే నడిచి తారు అంచుకు చేరానో లేదో, ఒక టిప్పరు మోగించింది. ఎక్కడిదక్కడ కూర్చున్నాను. వెనక వస్తున్న పల్లె బస్సు ఆగిపోయింది. జనం దిగారు. ఒకాయన ఇది ధర్నా అనుకుని ఏ సమస్య మీద అని అడిగాడు. ఇంకొకాయన వచ్చి నా పక్కన కూర్చోబోయాడు కూడా, ఏ సమస్యయితేనేం అని. చివరికి సోడాలమ్మే ఒకామె నా చంకల కింద చేతులేసి లేపి, గోలీసోడా తాగించి, పందిరి దాకా నడిపించింది. అంతసేపూ మా అన్న చెవి దగ్గర ఫోను పెట్టుకుని పందిరి రాటకు ఆనుకునే ఉన్నాడు. ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. సోడా కొట్టు ఆమెకున్న పాటి మనసు తోడబుట్టినవాడికి లేకపోయిందే అని ఇంటికొచ్చి గట్టిగా ఏడ్చాను. అన్నతో మాట మానేశాను. మేడమ్‌కి చెబితే, ఆవిడ అరిచినంత పని చేశారు. "అంత మోతాదు ఒక్కసారిగానా? చిటికెడు చిటికెడుగా ఇవ్వాలమ్మా!" అన్నారు. ఇచ్చేవాళ్ళకు తెలియాలి కదా ఆ ముక్క.

వారం గడిచింది. ఒక రోజు తెల్లవారుజామున గుంటలకు సీడు వచ్చింది. సీడంటే రొయ్యపిల్లలు. కనురెప్ప వెంట్రుకంత ఉంటాయి. వాటిని పొదిగించే హేచరీ నుంచి ప్లాస్టిక్ సంచుల్లో నీళ్ళు పోసి, ఆక్సిజన్ నింపి, పెట్టెల్లో సర్ది పంపుతారు. ఇంటిల్లిపాదీ గుంట దగ్గరకు పోవడం మాకు అలవాటు. అలిగి ఉన్నా నేనూ పోయాను. వదిన టీ ఫ్లాస్కు మోసింది, అమ్మ కట్ట మీద నిలబడి ఒక్కొక్క పెట్టె మీదా చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

ఇంట్లో ఉప్పు తక్కువైతే ఊరంతా వినిపించేలా అరిచే మనిషి, మా అన్న, లుంగీ ఎగ్గట్టి నడుము లోతు నీళ్ళలో దిగి గుసగుసలు మొదలుపెట్టాడు. "మెల్లంగా వదినా... సారీ, మెల్లంగా మే" అని సొంత పెళ్ళాన్ని వదినా అన్నాడు, అంత తన్మయత్వం. సంచులు విప్పలేదు. మూతి కట్టినవి కట్టినట్టే ఒక్కొక్కటీ నీళ్ళ మీద తేలేశాడు. అరగంట అయింది. ఊరికే తేలుతున్నాయి. నాకు విసుగు పుట్టి, అలక మరిచిపోయి అడిగేశాను.

"ఎందుకన్నా ఇంత ఆలస్యం? తెంపి పోసేస్తే పోలా?"

అన్న నా వంక పాపాత్మురాలిని చూసినట్టు చూశాడు.

"తెంపి పోస్తే షాకు కొట్టి చస్తాయమ్మే. అసలే దారిలో కుదుపులకు బెదిరిపోయి ఉండాయి. ముందు సంచి తేలనీ. లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే వేడికి రావాల. దాని తరువాత గుంట నీళ్ళు ఒక మగ్గు సంచిలో పొయ్యాల. కొంచేపాగి ఇంకో మగ్గు. అవే అలవాటు పడి, అవే ఈదుకుంటా బయటికి పోతాయి. తొందరేముంది?"

ఆ "తొందరేముంది" అన్న తీరు! ఆ గొంతు మా ఇంట్లో మనిషన్నవాడెవడూ అన్న దగ్గర విని ఉండడు. నాకు లోపల ఏదో తెగింది.

"కంటికి ఆనని రొయ్యపిల్లకు ఇంత మర్యాదా! మరి నన్ను సంచి తెంపి హైవే మీద పోసినావే, నేనేం పాపం చేసినానన్నా?"

కట్ట మీద అందరూ ఆగిపోయారు. అమ్మ చెయ్యి పెట్టె మీదే ఉండిపోయింది. అన్న చేతిలో మగ్గు, నడుము దాకా నీళ్ళు. ఆ మగ్గులోకి చూస్తూ అన్నాడు.

"అవునుమే. చేసినాను."

అంతే. అటు తిరిగి, సంచుల మూతులు విప్పి మగ్గుతో నీళ్ళు పోయసాగాడు. కాని ఆ సాయంత్రం మోటారు సైకిలు వెనక రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు తాడుతో కట్టి, వాకిట్లో నిలబడి ఎవరితోనో అన్నట్టు అన్నాడు. "సంచి తేలేసే దానికి పోతాండా. వచ్చేవాళ్ళు రావొచ్చు."

మొదటి రోజు హైవేకు బాగా ఇవతల, కోత అయిపోయిన ఒక మడి గట్టు మీద స్టూళ్ళు వేశాడు. అక్కడికి హారన్లు దోమల రొదలా వినిపిస్తాయి. నేను కూర్చుని గాలి పీల్చి వదిలాను. అన్న పల్లీలు ఒలుచుకున్నాడు. పది నిమిషాలకు "ఎన్ని మగ్గులు?" అన్నాడు. "అర" అన్నాను. "చాలు" అని స్టూళ్ళు ఎత్తేశాడు. నాకు నవ్వొచ్చింది. నెలల తరువాత నవ్వడం, దవడ నొప్పి పుట్టింది.

ఈ సంగతి చెబితే మేడమ్ ఉబ్బితబ్బిబ్బయ్యారు. "సరిగ్గా ఇలాగే చేయాలి! మీ అన్నయ్య గారు ఎక్కడ చదువుకున్నారు?" అని అడిగారు. రొయ్యల గుంటలో అన్నాను.

రోజూ కొంచెం ముందుకు జరిగాం. గట్టు తరువాత కల్వర్టు, కల్వర్టు తరువాత ఇటుకబట్టీ. దారిన పోయేవాళ్ళకు మేమొక వింత. ఇద్దరు మనుషులు పొలం మధ్యలో స్టూళ్ళేసుకుని హైవే వంక చూస్తూ కూర్చుంటే ఎవరికైనా అనుమానం రాదా? ఒక స్థలాల బ్రోకరు వచ్చి ఈ బిట్టు క్లియర్ టైటిల్ సార్ అని నాలుగు రోజులు వెంటపడ్డాడు. బైపాసు సర్వేకి వచ్చామని పుకారు పుట్టి, ఒక పెద్దాయన తన కొబ్బరి చెట్లు వదిలేయమని బతిమిలాడుకున్నాడు. అన్న గంభీరంగా చూస్తామన్నాడు.

ఇటుకబట్టీ దగ్గర ఒకసారి ట్రాక్టరు దగ్గరగా మోగించి, నేను స్టూలుతో సహా కింద పడ్డాను. అన్న కోప్పడలేదు. "సీడు బెదిరింది. రేపు మళ్ళా కల్వర్టు" అన్నాడు. మూడు రోజులు వెనక్కి పోయాం. ఆ మూడు రోజులూ నాకు సిగ్గనిపించలేదు, అదే నాకు ఆశ్చర్యం.

మే చివరికి టీ కొట్టు పందిరి కిందకు చేరాం. అన్న అక్కడ వరసగా రెండు టీలు తాగేవాడు, మాట తగ్గిపోయేది. స్టూలు ఎప్పుడూ నాకు అడుగు వెనక వేసుకునేవాడు. నాకు కాపలా అనుకుని లోలోపల మురిసిపోయాను.

బడి తెరిచే రోజు వచ్చింది. అమ్మ ప్రార్థన మొదలుపెడితే ఆగేలా లేదని వదినే ఆమెన్ అని తలుపు తీసింది. అన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. టీ కొట్టు దగ్గర బండి ఆపి, ఇద్దరం నడిచి హైవే అంచుకు వచ్చాం. సందు చూసుకుని సగం దాటి, డివైడరు మీదకు ఎక్కాం. సరిగ్గా ఆ చోటే. ఇంకో సగం దాటితే అవతల గూడూరు ఆటోలు వరసలో ఉన్నాయి.

అప్పుడు ఒక లారీ, మా ముందు నుంచి, నాలుగు రాగాల హారన్ మోగిస్తూ పోయింది. చీర కుచ్చెళ్ళు ఎగిరాయి. నేను మోకాళ్ళ కోసం ఎదురుచూశాను. వణికాయి. నాలుగు లెక్కపెట్టి పీల్చాను, ఎనిమిది లెక్కపెట్టి వదిలాను. నిలబడే ఉన్నాను! "అన్నా, చూసినావా!" అని పక్కకు తిరిగాను.

పక్కన అన్న లేడు. కింద ఉన్నాడు. డివైడరు మీద కూర్చుండిపోయి, ముఖం తెల్లగా పాలిపోయి, రెండు చేతులూ గుండె మీద అడ్డంగా వేసుకుని భుజాలు తట్టుకుంటున్నాడు. మా వసారాలో నన్ను చూసి నేర్చుకున్నదే.

"మే, నువ్వు పో. నా వల్ల కాదు."

"ఏమైందన్నా?"

"ఆ పొద్దు హ్యాండిలు నా చేతుల్లో ఉండె. నేను అద్దం చూసుకోలా. నీ చెయ్యి ఇరిగిన శబ్దం ఇంకా ఇనపడతానే ఉండాది. ఎవురికని చెప్పుకునేది? రొయ్యలకా?"

గూడూరు పోవడం ఎందుకు మానేశాడో, ఆ రోజు రాటను ఎందుకు వదల్లేదో, స్టూలు ఎందుకు వెనక వేసుకున్నాడో అప్పుడు తెలిసింది. ఫోనూ రాలేదు, గీనూ రాలేదు. నలభై రోజులు నా సంచిలో నీళ్ళు పోస్తూ, తన సంచి సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో పైతోలు లేనిదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. మా అన్న మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ రాలేదు, అంత కోపమూ రాలేదు.

అవతల ఆటోవాడు గూడూరు గూడూరు అని అరుస్తున్నాడు. మొదటి గంటకు ఇరవై నిమిషాలు కూడా లేవు. నేను కొత్త చీరతో అన్న పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాను.

"తొందరేముందన్నా. సంచి తేలనీ."

అలాగే కూర్చుని హెడ్‌మిస్ట్రెస్ గారికి ఫోను చేశాను. "దారిలో ఉన్నాను మేడమ్, కొంచెం ఆలస్యమవుతుంది."

"ఎక్కడున్నారు?"

"హైవే డివైడరు మీద కూర్చుని ఉన్నాను."

"మళ్ళీనా టీచర్ గారూ!"

"ఈసారి నేను కాదు మేడమ్, మా అన్న."

ఫోనులో పిల్లల గోల వినిపించింది. నా ఉద్యోగం ఆ గోలలో పోయి వచ్చింది. తరువాత "సరే, ఉదయం ప్రార్థన నేను సాగదీస్తాను, మీరు నిదానంగా రండి" అన్నారు.

ఇద్దరం గాలి పీల్చి వదిలాం. బస్సుల్లో జనం తలలు బయట పెట్టి చూశారు. కాసేపటికి అన్న లేచాడు. చేతులు పట్టుకుని మిగతా సగం దాటాం. అన్నను అవతల ఆటోవాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, వదిన తమ్ముణ్ణి రమ్మని ఫోను చేసి, నేను బడికి పోయాను. పిల్లలు ఎండలో నిలబడి మూడో పాట పాడుతూ గేటు వంక కోపంగా చూస్తున్నారు. నేను వరస పక్కన పోయి నిలబడ్డాను. నిలబడే ఉన్నాను.

ఆ సాయంత్రం స్టూళ్ళు నేనే కట్టాను. మడి గట్టు దగ్గర నుంచి మళ్ళీ మొదలు. నా స్టూలు అన్న స్టూలుకు అడుగు వెనక వేసుకుని, పల్లీలు ఒలుచుకుంటూ పది నిమిషాలు ఊరుకున్నాను.

"ఎన్ని మగ్గులన్నా?"

"అర" అన్నాడు.

చాలన్నాను.